గెలవనని తెలిసీ పోటీకి ఎందుకెళ్ళాలి? (పవర్‌లిఫ్టింగ్, వయసు 38, మొదటిసారి)

కూకట్‌పల్లి శీను

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇప్పుడు ఇరకాటంలో పడ్డాను కాబట్టి రాస్తున్నా.

నాకు 38. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మూడేళ్ళ క్రితం నడుం నొప్పి పోతుందని జిమ్ముకెళ్ళి, అక్కడ రాడ్డు ఎత్తడం రుచి మరిగాను. ఒంటి బరువు 81 కిలోలు. స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 140, బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి పైకి తోయడం) 90, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి లేపి నిలబడటం) 165. పవర్‌లిఫ్టింగ్ అంటే ఈ మూడే. ఆరు వారాల్లో జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీ ఉంది పేరు ఇచ్చేయ్ అని మా కోచ్ అంటే ఆ ఊపులో సరే అనేశాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "గెలుస్తావా?" గెలవను. 83 కిలోల కేటగిరీలో కాలేజీ కుర్రాళ్ళు 200 దాటి స్క్వాట్ చేస్తుంటే కళ్ళారా చూశాను. "మరెందుకు?" అంది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మా అమ్మ ఇంకో మెట్టు పైన, "ఇద్దరు పిల్లల తండ్రివి, నలుగురి మధ్య ఆ బిగుతు బట్టలేసుకుని నిలబడతావా?"

పోటీకి వెళ్ళినవాళ్ళు మీరెందుకు వెళ్ళారో చెప్పండి. సూక్తులు వద్దు, వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి.

బార్‌బెల్ బాబాయ్

శీనూ, ముందు ఒక ప్రశ్న. ఆ 140 స్క్వాట్ ఎంత లోతుకి చేశావు? వీడియో ఉందా? పక్కనుంచి తీసిందయితే పెట్టు.

కూకట్‌పల్లి శీను

ఎదురుగా తీసింది ఉంది బాబాయ్. లోతుగానే వెళ్ళాను అనుకుంటున్నా, మా జిమ్ములో అందరూ బాగుందన్నారు.

బార్‌బెల్ బాబాయ్

ఎదురుగా తీసిన వీడియోలో అందరూ లోతుగానే వెళ్తారు నాయనా 😄

నీ "ఎందుకు"కి నా జవాబు ఇక్కడే ఉంది. జిమ్ములో చూసేవాళ్ళు నీ స్నేహితులు. "బాగుందన్నా, ఇంకో ఐదు వెయ్" అంటారు. పోటీలో ముగ్గురు రిఫరీలు, ఒకళ్ళు ఎదురుగా, ఇద్దరు చెరో పక్కన. వాళ్ళకి నువ్వెవరో తెలియదు. తుంటి మడత దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి దిగిందా లేదా, అంతే వాళ్ళు చూసేది. దిగితే తెల్ల లైటు, దిగకపోతే ఎర్ర లైటు. ముగ్గురిలో ఇద్దరు తెల్లది ఇస్తే లిఫ్ట్ నిలిచినట్టు. ఇంత నిక్కచ్చిగా కొలిచేది నా జీవితంలో ఇంకోటి లేదు. ఆఫీసులో నా పని బాగుందో లేదో ముప్ఫై ఏళ్ళలో ఒక్కరు కూడా తేల్చి చెప్పలేదు.

నాకిప్పుడు 52. మాది విజయనగరం వైపు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని ఊరుంది, అక్కడ ఇంటింటా వెయిట్‌లిఫ్టింగే, 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. చిన్నప్పుడు ఆ గాలి కొంచెం నాకూ సోకి వెయిట్‌లిఫ్టింగ్ చేశాను, పెళ్ళయ్యాక వదిలేశాను. 44లో మళ్ళీ రాడ్డు పట్టుకుని పవర్‌లిఫ్టింగ్‌కి వచ్చాను. మాస్టర్స్ విభాగం 40 నుంచి మొదలు, 40–49, 50–59, 60–69, ఆపైన 70 దాటినవాళ్ళు. నీకు ఇంకో రెండేళ్ళు ఆగితే కుర్రాళ్ళ బెడద తప్పుతుంది. కానీ ఆగకు.

వరంగల్ వాస్తవం

అందరూ పూలదండలు వేసేముందు నేనొక మాట అంటాను. నేను రెండు పోటీలు చేసి మానేశాను. పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు, మొదటి లిఫ్ట్ మధ్యాహ్నం ఒంటిగంటకి. ఫంక్షన్ హాల్లో ఫ్యాన్ లేని మూల వార్మప్, ఒక్క రాడ్డుకి పదిహేను మంది. ఎంట్రీ ఫీజు, కాస్ట్యూమ్, బెల్టు, మోకాలి స్లీవ్‌లు, ప్రయాణం, లాడ్జి కలిపి లెక్కేస్తే ఆ డబ్బుతో ఇంట్లో ఫ్రిజ్ మార్చుకోవచ్చు. నా కేటగిరీలో నలుగురం. ముగ్గురికి మెడల్. నాకు నాలుగో స్థానం 🙂 పైగా ఎవరెవరో సంఘాల పేర్లతో పోటీలు పెట్టి "నేషనల్" అని సర్టిఫికెట్లు పంచేస్తున్నారు, అవి పట్టుకుని స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని కుర్రాళ్ళు తిరుగుతున్నారు. వ్యాయామం మంచిదే, ఎవరూ కాదనరు. పోటీ దేనికి?

సిరిచందన

శీను గారూ, మాది గుంటూరు, మందుల షాపు నడుపుతాను, వయసు 34. మా వైపు పవర్‌లిఫ్టింగ్ కొత్తేమీ కాదు, పక్కనే మంగళగిరి నుంచి సాదియా అల్మాస్ ఆసియా పోటీల్లో పతకాలు తెచ్చింది. అయినా నేను మొదలుపెట్టింది అదేమీ చూసి కాదు. రెండో కాన్పు ఆపరేషన్ తరవాత ఏడాదికి డాక్టరు గారిని అడిగి జిమ్ముకి వెళ్ళాను.

నా కారణం చిన్నది. పాప పుట్టాక షాపుకి వచ్చే ప్రతివాళ్ళూ నా ఒళ్ళు చూసి మాట్లాడేవాళ్ళు. "లావయ్యావమ్మా", "కొంచెం తగ్గావు", "మళ్ళీ వచ్చేసిందే". పోటీకి పేరిచ్చాక మా బంధువుల్లో ఒకావిడ ఫోన్ చేసి "ఎంత ఎత్తుతున్నావే ఇప్పుడు?" అంది. నా బరువు గురించి కాకుండా నేను ఎత్తే బరువు గురించి ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. అదొక్కటి చాలు నాకు.

మొదటి పోటీలో స్క్వాట్ 60, బెంచ్ 32.5, డెడ్‌లిఫ్ట్ 85. మొత్తం 177.5. 57 కిలోల కేటగిరీలో మూడో స్థానం. ముగ్గురమే ఉన్నాం, వరంగల్ గారు అడగకముందే చెప్పేస్తున్నా.

అమ్మగారికి చెప్పండి, స్క్వాట్, బెంచ్‌లకి కాస్ట్యూమ్ లోపల టీషర్ట్ ఉండాల్సిందే. మొదటి పది నిమిషాలే సిగ్గు. తరవాత హాల్లో అందరూ అదే అవతారంలో ఉంటారు కాబట్టి ప్యాంటు వేసుకున్నవాడే వింతగా కనిపిస్తాడు.

వరంగల్ వాస్తవం

ముగ్గురే ఉన్నారని మీరే చెప్పుకోవడం నచ్చింది మేడమ్. పోటీ దేనికన్న నా మాట వెనక్కి తీసుకోను గానీ నచ్చింది.

సంగిడి మనవడు

పోటీ దేనికని అడిగితే నాకు మా తాత గుర్తొస్తాడు. మాది శ్రీకాకుళం జిల్లా. సంక్రాంతికి మా ఊళ్ళో సంగిడి రాళ్ళు ఎత్తేవాళ్ళు. తాత రోజూ పొలంలో ధాన్యం బస్తాలు మోసేవాడే, అంతకంటే పెద్ద బలం ఎవరికీ ఉండదు, కానీ ఊళ్ళో ఎవరూ బస్తాల లెక్క చెప్పుకోరు, పండగనాడు ఊరందరి ముందు ఏ రాయి లేపాడన్నదే చెప్పుకుంటారు. పక్కూరివాళ్ళు కూడా వచ్చి చూసేవాళ్ళు, రాయి నేల వదిలిందా లేదా అని వంగి మరీ చూసే పెద్దమనిషి ఒకడుండేవాడట. బాబాయ్ చెప్పిన రిఫరీ అన్నమాట, లైట్లు లేవంతే.

మా వైపు ఇది ఈనాటిది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్నారని, గొలుసులు తెంపారని, కదిలే కార్లని పట్టి ఆపారని మా ఇళ్ళల్లో అన్నం తినిపిస్తూ చెప్తారు. ఆయనా తాలింఖానాలో ఒంటరిగా చేసుకుని ఇంటికిపోలేదు కదా, సర్కస్ పెట్టి ఊరూరా జనం ముందు చేశారు. బలం చూపించుకోవడం తప్పని మనకి ఎప్పటినుంచి అనిపించడం మొదలైందో నాకు తెలియదు.

విశాఖ ఫిజియో

నేను ఫిజియోథెరపిస్టుని. రెండు వైపులా చెప్తాను.

కొత్తగా బరువులు మొదలుపెట్టినవాళ్ళకి మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల వల్లే, కండ తరవాత పెరుగుతుంది. ఆ తరవాత ఏడాదికో రెండేళ్ళకో పెరుగుదల మందగిస్తుంది, అక్కడే చాలామంది మానేస్తారు. పోటీ తేదీ ఒకటి ఉంటే మానరు. నేను చూసిన లాభాల్లో పెద్దది ఇదే. నలభై దగ్గర పడేకొద్దీ వాడని కండ తగ్గుతూ పోతుంది, ఎముక మీద బరువు పడుతుంటే ఎముక గట్టిగా ఉంటుంది, కాబట్టి ఏ సాకుతోనైనా పదేళ్ళు ఆపకుండా ఎత్తేవాడు ఆరు నెలలు విరగదీసి ఆపేసినవాడి కంటే బాగుంటాడు. ఆ సాకు పోటీ అయితే నాకేం అభ్యంతరం లేదు.

ఇక రెండో వైపు. శీను గారూ, మీ నడుం నొప్పి ఇప్పుడెలా ఉంది? బీపీ చూపించుకున్నారా? పెద్ద బరువు కింద ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా బాగా పైకి వెళ్తుంది. బీపీ ఉండి మందు వాడనివాళ్ళు డాక్టరుని కలవకుండా వెళ్ళొద్దు. ఇంకోటి, మొదటి పోటీకి బరువు తగ్గించుకునే పిచ్చి పనులు వద్దు. నీళ్ళు మానేసి, చెమట పట్టడానికి రెయిన్‌కోటు లాంటివి తొడుక్కుని పరిగెత్తి కేటగిరీ మారిన కుర్రాడొకడు స్క్వాట్ దగ్గరే కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. మీరు 81 ఉన్నారు, 83లో హాయిగా ఇడ్లీలు తిని వెళ్ళండి.

కూకట్‌పల్లి శీను

నొప్పి ఏడాదిన్నరగా లేదు డాక్టర్ గారూ. బీపీ నిన్ననే చూపించాను, మామూలుగానే ఉంది.

బాబాయ్, పక్కనుంచి వీడియో తీయించాను. 140 కాదు, 130కే. చూసి నాకే సిగ్గేసింది. తొడ సగంలోనే ఆగిపోతోంది. ఇన్నాళ్ళుగా "140 చేస్తాను" అని అందరికీ చెప్పుకుంటున్నా, మా బావమరిదికి కూడా.

బార్‌బెల్ బాబాయ్

ఇప్పుడు పోటీ మొదలైంది నీకు. 110కి దించి నాలుగు వారాలు లోతు మీద పని చెయ్. బావమరిదికి తరవాత చెప్దువుగాని.

డాలస్ రెడ్డి

బ్రో, ఇక్కడ డాలస్‌లో నా మొదటి మీట్ 41లో. ఏదో గ్యారేజ్ లాంటి జిమ్, శనివారం. నా ఫ్లైట్‌లో (ఒకే రాడ్డు మీద వంతులవారీగా చేసే గుంపుని ఫ్లైట్ అంటారు) పదహారేళ్ళ పిల్ల, ఒక పోలీసాయన, డెబ్భై దాటిన మామ్మ. ఆ మామ్మ డెడ్‌లిఫ్ట్‌కి వస్తే హాలంతా లేచి అరిచింది. నా వంతు వచ్చినప్పుడు కూడా అదే గొంతులు అరిచాయి, నా పేరు పలకడం రాకపోయినా. ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళు, మనవాళ్ళ పాట్‌లక్‌లు తప్ప ఎక్కడా నాకు "మనవాళ్ళు" అనిపించలేదు. అక్కడ అనిపించింది. ఇంకేం చెప్పను.

మామూలు రోజు ఐదో రెప్ దగ్గర "ఇవాళ్టికి చాల్లే" అనుకుంటాం కదా, పోటీ పెట్టుకున్నాక ఆ "చాల్లే" ఎక్కడికో పోతుంది. అదొకటి.

వరంగల్ వాస్తవం

రెడ్డిగారూ, మీ దగ్గర టైముకి మొదలవుతుంది, వార్మప్‌కి రాక్‌లు ఉంటాయి. ఇక్కడ సంగతి చెప్పండి ఎవరైనా.

సిరిచందన

ఇక్కడ ఆలస్యం అవుతుంది, నిజమే. పెరుగన్నం డబ్బా, అరటిపళ్ళు, గ్లూకోజ్, చాప తీసుకెళ్తాను. చాప మీద పడుకుని నిద్రపోతా, నా వంతు వచ్చే అరగంట ముందు మా తమ్ముడు లేపుతాడు. సర్టిఫికెట్ల విషయంలో మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఉద్యోగం కోసం వెళ్ళేవాళ్ళు ఆ పోటీ పెట్టే సంఘానికి గుర్తింపు ఉందా, ఆ నోటిఫికేషన్‌లో ఈ ఆట పేరు ఉందా అని ముందే చూసుకోవాలి. పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేదు, చాలామందికి అదే తెలియదు, వెయిట్‌లిఫ్టింగ్ వేరు. శీను గారికి ఆ బాధ లేదు, 38లో ఏ కోటా.

బార్‌బెల్ బాబాయ్

అటెంప్ట్‌ల గురించి అడగకముందే చెప్తున్నా, ఎందుకంటే కొత్తవాళ్ళు మునిగేది ఇక్కడే. ఒక్కో లిఫ్ట్‌కి మూడు అవకాశాలు. మూడూ పోతే టోటల్ (మూడు లిఫ్ట్‌ల మొత్తం) లేదు, మిగతావి ఎంత ఎత్తినా లెక్కలోకి రావు. కాబట్టి మొదటిది జ్వరంలో ఉన్నా మూడుసార్లు చేయగలిగే బరువు పెట్టుకో. రెండోది నీకు తెలిసిన బరువుకి కాస్త కింద. మూడోది నీ ఇష్టం.

ఆ మూడోది ఎంత బరువైన నిర్ణయమో చూడాలంటే సిడ్నీ ఒలింపిక్స్ చూడు. 2000లో మన కరణం మల్లీశ్వరి, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం. స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తరవాత తలపైకి) 130, మొత్తం 240. పైన ఇద్దరూ 242.5. చివరి అటెంప్ట్‌కి 132.5 అడిగితే వాళ్ళతో సమానం. 137.5 వేయించింది, నేరుగా బంగారానికి. పోయింది. కంచు వచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. పాతికేళ్ళయినా మా ఆమదాలవలస బంధువులతో కూర్చుంటే ఇప్పటికీ ఆ 5 కిలోల మీదే గొడవ. నేనయితే 137.5 వైపే. 

సంగిడి మనవడు

నేను 132.5 వైపు. మనం బయట మాట్లాడుకుందాం బాబాయ్ 😀

విశాఖ ఫిజియో

ఒక మాట మిగిలింది. పోటీ పేరు చెప్పి జిమ్ముల్లో ఇంజెక్షన్లు, పేరు ఊరు లేని డబ్బాలు అంటగట్టేవాళ్ళుంటారు. బాబాయ్ చెప్పిన సంతోషి పతకమే తీసుకోండి, మొదట వచ్చింది కంచు, గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో పట్టుబడ్డాక అది వెండి అయింది. ఆ నైజీరియా అమ్మాయికి పదహారేళ్ళు. ఆ వయసులో అది తనంతట తాను చేసిందని నేననుకోను. మీ పిల్లల్ని పంపేవాళ్ళు కోచ్‌ని చూసి పంపండి.

కూకట్‌పల్లి శీను

(ఐదు వారాల తరవాత)

అయిపోయింది. వరస మొత్తం రాస్తాను, పొడుగైతే తిట్టుకోకండి.

వరంగల్ గారన్నట్టే మూడు గంటలు ఆలస్యం. సిరిచందన గారి మాట విని చాప తీసుకెళ్ళాను, బతికిపోయాను. బరువు 81.4.

స్క్వాట్ మొదటిది 120. రాడ్డూ కాలర్లూ కలిపి 25, అటూ ఇటూ ఎర్ర ప్లేటు ఒకటి, నీలం ఒకటి, చిన్న రెండున్నర ఒకటి. జిమ్ములో అన్నీ నల్లవే కదా, రంగు ప్లేట్లు చూస్తేనే గుండె గొంతులోకి వచ్చింది. భుజం మీదికి తీసుకుని వెనక్కి రెండడుగులు వేసి నిలబడ్డాను, రిఫరీ చెయ్యి దించి "స్క్వాట్" అనేదాకా ఒక్క క్షణమే అయ్యుంటుంది, ఆ క్షణంలో నాకు వినపడింది ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు మాత్రమే. దిగాను, లేచాను. మూడు తెల్ల లైట్లు. రెండోది 130. లేచాను, రెండు ఎర్ర లైట్లు. లోతు చాల్లేదు. తరవాతి బరువు చెప్పడానికి ఒక నిమిషమే ఇస్తారు, మా కోచ్ 135 వేద్దామన్నాడు, నేను వద్దు 130నే మళ్ళీ అన్నాను. ఈసారి కూర్చునే పీట తగిలేదాకా అన్నట్టు దిగాను. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగిపోయిందనే అనుకున్నా. రెండు తెల్ల, ఒక ఎర్ర. నిలిచింది.

బెంచ్ 80 లేపి, రిఫరీ "రాక్" (ఇక స్టాండులో పెట్టు అని) అనకముందే పెట్టేశాను. మూడు ఎర్ర లైట్లు. మూడేళ్ళ అలవాటు. మళ్ళీ 80, అయింది. 85, అయింది.

డెడ్‌లిఫ్ట్ ముందు బయటపడిన విషయం, మోకాలి కిందిదాకా ఉండే సాక్సులు నా దగ్గర లేవు. అవి లేకపోతే ఎక్కనివ్వరు. నా కేటగిరీలోనే ఉన్న కుర్రాడొకడు, పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి, తన బ్యాగులోంచి ఎర్ర ఫుట్‌బాల్ సాక్సులు తీసి "అంకుల్, ఇవి వేసుకోండి" అన్నాడు. అంకుల్ అన్నందుకు బాధపడే టైము లేదు. తొడలకి మా పాప పౌడరు రాసుకున్నాను. 150 అయింది. 162.5 అయింది. 170 మోకాళ్ళు దాటింది, వేళ్ళు తెరుచుకుపోయి జారిపోయింది.

మొత్తం 377.5. జిమ్ము లెక్క ప్రకారం నాది 395. ఆ 17.5 కిలోలు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయో తెలిసింది. ఎనిమిది మందిలో ఏడో స్థానం. ఎనిమిదోవాడు స్క్వాట్‌లో మూడూ పోగొట్టుకున్నాడు, అందుకని.

మా ఆవిడ వచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాట్లాడలేదు, తరవాత "ఆ మొదటి 130కి వాళ్ళు ఎర్ర లైట్లు ఇవ్వడం అన్యాయం" అంది. న్యాయమే అన్నాను. బావమరిదికి కూడా చెప్పేశాను, 130 అని.

బార్‌బెల్ బాబాయ్

135 వేయకుండా 130నే అడిగావు చూడు. నువ్వు ఆటకి పనికొస్తావు.

వరంగల్ వాస్తవం

ఎనిమిది మంది ఉన్నారా కేటగిరీలో? మా రోజుల్లో నలుగురమే.

సిరిచందన

"రాక్" వినకుండా పెట్టేయడం నేను రెండు పోటీల్లో చేశాను. నేను మా తమ్ముడిచేత అనిపించుకున్నట్టు, మీరూ ఇంట్లో ఎవరిచేతైనా "రాక్" అనిపించుకుంటూ ప్రాక్టీసు చేయండి. మా పాప ఇప్పుడు పెరుగు గిన్నె టేబుల్ మీద పెట్టాలన్నా "రాక్" అనేదాకా ఆగుతుంది.

కూకట్‌పల్లి శీను

😄 మంచి సలహా.

అసలు సంగతి మర్చిపోయాను. ఆ ఎర్ర సాక్సులు హడావిడిలో నా బ్యాగులోనే వచ్చేశాయి. ఉతికి పెట్టాను. ఆ కుర్రాడు స్క్వాట్ 195 చేసి రెండో స్థానంలో వచ్చాడు, ఎడమ చేతికి నల్ల దారం, పేరు అడగలేదు. ఇక్కడ ఎవరి జిమ్ములోనైనా ఉంటే చెప్పండి, నేనే తెచ్చిస్తాను.